పట్నం మీద రెండు గోల్స్

గోపయ్య హోటల్లో కాలేజీ ఫుట్‌బాలు జట్లకు నంబర్లు వేయడానికి సాసర్లు వాడేవాళ్ళు. పొడుగు బల్ల మీద వరసగా పేర్చి, గోడ పక్కనున్నది మొదటి నంబరనీ, వాకిలి వైపున్నది కడపటి నంబరనీ లెక్క. ఒక్కో సాసరు ఒక్కో కాలేజీ. నల్లగొండ సాసరును ఎవరైనా ఇంత వాకిలి వైపు జరిపితే చాలు, గాలయ్య చెయ్యి చాపి దాన్ని మళ్ళీ గోడకు ఆనించేవాడు.

"చాయ పోసెటందుకు నాకు నాలుగు సాసర్లన్న మిగుల్చుతరా లేదా?" అని గోపయ్య రోజూ అడిగేవాడు. రోజూ ఎవరూ పట్టించుకునేవాళ్ళు కాదు.

గాలయ్యకు బస్టాండు వెనక సైకిళ్ళు కిరాయికిచ్చే షాపు ఉంది. గొర్ల కాపరి ఇంట్లో పుట్టి, నాలుగో తరగతిలో, అదీ ఉర్దూ బళ్ళో, చదువు ఆపేసినవాడు. కాలేజీ గేటు లోపల అతను ఎరిగిన జాగా ఒక్క మైదానమే. లోపల ఏం చెప్తారో తెలియదు, తెలుసుకోవాలన్న మోజు కూడా ఎప్పుడో చచ్చిపోయింది. చదువుకున్నవాళ్ళు అతన్ని మనిషిగా చూసేది సైకిలు చక్రంలో గాలి పోయినప్పుడే. కానీ కాలేజీ జట్టు గెలిచిన మర్నాడు మాత్రం లెక్చరర్లు సైతం షాపు ముందర ఆగి, "ఏం గాలయ్యా, ఎట్లా ఆడారంటావు?" అని అడిగేవాళ్ళు. ఆ ఒక్క మాట కోసం గాలయ్య ఏడాదంతా ఎదురుచూసేవాడు.

అరవై ఒకటి చలికాలంలో ఆ మాట తరచుగానే వినబడింది. టోర్నమెంటు నడిపేవాళ్ళు కాలేజీలను రెండు జోన్లు చేశారు. నల్లగొండ, వరంగల్లు, ఖమ్మం ఒక దిక్కు. పట్నం కాలేజీలు, మెదకు, పాలమూరు ఒక దిక్కు. ఈ దిక్కున నల్లగొండ గెలిచింది. ఆ దిక్కున, పట్నపు కాలేజీలన్నిటినీ వెనక్కి నెట్టి, పాలమూరు గెలిచింది. రెండింటికీ ఫైనలు నల్లగొండ మైదానంలోనే.

నల్లగొండ గెలిచిందంటే ఇస్రాయేలు గెలిపించాడని అర్థం. ఉత్త కాళ్ళతో ఆడేవాడు. తండ్రి లేడు. తల్లి బిక్షమ్మ పల్లికాయల మిల్లులో కూలికి పోయేది. పట్నంలో పోలీసు టీముకు పిల్లగాళ్ళను ఏరే పెద్దమనిషి ఒకాయన ఫైనలు చూడవస్తున్నాడనీ, ఇస్రాయేలు ఆట నచ్చితే కానిస్టేబులు నౌకరీ ఖాయమనీ డ్రిల్లు మాస్టరు చెప్పాడు. అప్పటి నుంచి బిక్షమ్మకు మిల్లులో మూట బరువు తెలియడం లేదు.

అయితే ఒక చిక్కుంది. ఆ ఎండాకాలం ఇస్రాయేలూ, గోలు కాసే గోలీ యోహానూ పట్నంలో ఇళ్ళు కట్టే పనికి పోయారు. సాయంత్రాలు మైదానంలో బంతి తన్నుకుంటుంటే ఒక క్లబ్బువాళ్ళు చూసి, ఇస్రాయేలును వేరే పేరుతో ఒక మ్యాచి ఆడించారు. కాలేజీకి ఆడేవాడు క్లబ్బుకు ఆడకూడదన్నది టోర్నమెంటు కాయిదా. తెలిసిందా, ఇక ఆ ఏడు వాడి ఆట బందు. ఊరికి తిరిగొచ్చాక ఇస్రాయేలు పట్టలేని సంతోషంతో ఆ సంగతి గాలయ్య ఒక్కడికే చెప్పాడు.

"రెండు గోల్స్ కొట్టిన మామా. గానీ నీ కడుపుల పెట్టుకో."

"నా కడుపులకెల్లి బయటికి రావాల్నంటే నన్ను కొయ్యాలె" అన్నాడు గాలయ్య.

ఫైనలు ఇంకో పది రోజులుందనగా, అంగడినాడు, పాలమూరు మల్లప్ప హోటలుకు వచ్చాడు. గొంగళ్ళ బేపారి. గొంగళ్ళ కంటే ఫుట్‌బాలు మీదే అతనికి ధ్యాస ఎక్కువ. వస్తూనే నల్లగొండ సాసరును గోడ దగ్గర నుంచి తీసి, పట్నపు సాసర్లన్నీ దాటించి, అయిదో చోట పెట్టాడు.

"చెయ్యి తియ్యి మల్లన్నా" అన్నాడు గాలయ్య.

"తీస్త గానీ, గిది చెప్పు. మీ జోన్ల ఎవలున్నరు? ఖమ్మమోళ్ళు పది మందే దిగిండ్రట. వరంగల్లు గోలీకి పొద్దూకితే కండ్లు ఆనయట. గసోంటోళ్ళ మీద ఆరు గోల్స్ కొడితే ఏంది, అరవై కొడితే ఏంది?"

"గా వరంగల్లోళ్ళే పోయినేడు మీ పట్నపోళ్ళను మట్టి కరిపించిండ్రు. యాది లేదా?"

"పోయినేడు తోడుపెట్టిన పెరుగు ఇయ్యాల తింటవానే?"

హోటలంతా నవ్వింది. మూలన చాయ తాగుతున్న లెక్చరరొకాయన కూడా నవ్వి, "మన జోను బలహీనమైనదే గాలయ్యా. న్యాయంగా ఒప్పుకోవాలి" అన్నాడు. గాలయ్యకు మల్లప్ప మాట కంటే ఆ నవ్వే ఎక్కువ గుచ్చుకుంది. తన కాలేజీవాడే, తన ముందర, పాలమూరు మనిషి పక్షాన నవ్వాడు. సాసరును మళ్ళీ గోడకు జరపబోయి, అందరూ తననే చూస్తుంటే జరపలేకపోయాడు.

పొద్దుగూకే వేళ మల్లప్ప బస్సెక్కుతుంటే గొంగళ్ళ మూట పైకి అందించే సాకుతో వెంట పోయాడు. మల్లప్ప కిటికీ పక్కన కూచున్నాడు. చుట్టుపక్కల తెలిసినవాళ్ళెవరూ లేరు. పొద్దున పడ్డ మాట గాలయ్యను ఇంకా పొడుస్తూనే ఉంది.

"మల్లన్నా, నువ్వు పట్నం పట్నం అంటవు. మా ఇస్రాయేలు ఎండకాలం గా పట్నంల క్లబ్బుకు ఆడిండు. పేరు మార్చుకొని. గా పట్నపోళ్ళ మీద, ఉత్త కాళ్ళతోని, రెండు గోల్స్ కొట్టిండు. ఇంగ చెప్పు, ఎవల జోను గట్టిది?"

బస్సు కదిలింది.

"గట్లయితే గది పట్నపోళ్ళ మూడో రకం టీము అయ్యుంటది" అన్నాడు కిటికీలోంచి.

గాలయ్య బస్సు పక్కనే నాలుగడుగులు ఉరికి, "మొదటి రకమే" అని అరిచాడు. వినబడిందో లేదో. దుమ్ము అణిగాక గానీ తానేం చేశాడో అతనికి తట్టలేదు. తట్టాక చాలాసేపు అక్కడే, పోయే బస్సులకూ వచ్చే బస్సులకూ అడ్డంగా నిలబడిపోయాడు.

గొంగళ్ళ బేపారి ఎవరికి చెప్తాడులే అనుకున్నాడు. పెద్దమనిషి, ఇద్దరు పిల్లల తండ్రి అనుకున్నాడు. అనుకుంటూనే అన్నం ముందర చెయ్యి ఆగిపోయేది. పాలమూరు పోయి మల్లప్ప కాళ్ళు పట్టుకుంటే? పట్టుకుంటే అదంత పెద్ద సంగతని చెప్పినట్టవుతుందని పోలేదు. నిజానికి పోవడానికి ముఖం చెల్లలేదు, అంతే.

ఫైనలునాడు పొద్దున డ్రిల్లు మాస్టరు ఇస్రాయేలును పక్కకు పిలిచాడు. టోర్నమెంటు నడిపేవాళ్ళకు సంగతి తెలిసింది, విచారించారు, క్లబ్బువాళ్ళు ఒప్పుకున్నారు. ఇస్రాయేలు మైదానం గీత బయట, ఆట అంగీ విప్పి మోకాళ్ళ మీద పెట్టుకుని కూచున్నాడు. పట్నం పెద్దమనిషి నీడలో కుర్చీ వేయించుకుని, "వాడేడీ?" అని అడిగాడట. చెప్పారట. సగం ఆటకు లేచి వెళ్ళిపోయాడు. పాలమూరు మూడు గోల్స్ కొట్టింది. కూలి ఎగ్గొట్టుకొని వచ్చిన బిక్షమ్మ, ఆట ఎప్పుడయిపోయిందో తెలియక, మనుషులంతా పోయినా అక్కడే కూచుంది.

గోలు కర్రల దగ్గర ఇస్రాయేలు యోహానును మెడపట్టి నిలేశాడు.

"ముగ్గురికే ఎర్క. నాకు, నీకు, గాలయ్య మామకు. మామ మన టీమును ముంచుతడారా? నువ్వు గాక ఎవడు?"

"దేవుని తోడు ఇస్రాయేలూ, నేను చెప్పలె."

"దేవుణ్ణి ఎందుకురా మధ్యల తెస్తవ్" అని చెంప మీద కొట్టాడు. యోహాను తిరిగి కొట్టలేదు. పెదవి చిట్లింది.

గాలయ్య ఇద్దరి మధ్య దూరాడు. వదలండ్రా, వదలండ్రా అన్నాడు. ఇంకో మాట అనాల్సింది ఉంది. దానికి బదులు తువ్వాలతో యోహాను పెదవి మీది నెత్తురు తుడిచాడు. చుట్టూ చూస్తున్నవాళ్ళు, గాలయ్య అడ్డం పోకపోతే ఇంకా ఏమయ్యేదో అన్నారు.

మరుసటి అంగడికి మల్లప్ప వచ్చాడు. హోటలుకు పోకుండా నేరుగా షాపుకు వచ్చి, నిలబడే చెప్పాడు.

"నేను ఎవలకు పిర్యాదు చెయ్యలే అన్నా. పిల్లల మీద ఒట్టు. మా కాడ హోటల్ల లొల్లి అయ్యింది. నల్లగొండోళ్ళ జోనే గట్టిదని ఒకడు ఎగిరిండు. గంతేందిరా, వాళ్ళ పోరడు సుత పట్నంల ఆడి నేర్సుకున్నంకనే గెలుస్తున్నడు, మన జోనే గట్టిది అన్న. గప్పుడు ఎవడు విన్నడో, ఎవడు మోసిండో."

గాలయ్యకు కోపం కూడా రాలేదు. తానూ చేసింది అదే. ఇద్దరూ ఒక పిల్లగాడి బతుకును ఎత్తి, సాసరు జరపడానికి వాడుకున్నారు.

ఆట లేకపోయేసరికి ఆటగాళ్ళకిచ్చే ఫీజు మాఫీ పోయింది, ఇస్రాయేలు చదువు ఆగింది. గాలయ్య పిలిచి షాపులో పని ఇచ్చాడు. ఊరంతా మెచ్చుకుంది. బిక్షమ్మ ఉడకబెట్టిన పల్లికాయలు కొంగున కట్టుకొని వచ్చింది.

"సొంత మేనమామ సుత గింత చెయ్యడు అన్నా. గా యోహానుగాడు నా బిడ్డ నోట్ల మన్ను కొడితే, నువ్వు బువ్వ పెట్టినవు."

ఆమె ముందరే తినాల్సి వచ్చింది. ఆమె పోయాక షాపు వెనక్కి పోయి కక్కుకున్నాడు. ఇస్రాయేలు వచ్చి వీపు నిమిరి, "పైత్యం చేసినట్టుంది మామా, జర పండుకో" అన్నాడు. అంతకంటే వాడు చెప్పుతో కొట్టినా బాగుండేది.

హోటలుకు పోవడం మానేశాడు. అక్కడ నల్లగొండ సాసరు ఇప్పుడు ఎక్కడుందో ఎవరూ చెప్పలేదు, అతను అడగలేదు.

మాఘమాసంలో ఒక పగలు యోహాను సైకిలు నడిపించుకుంటూ వచ్చాడు. వెనక చక్రం పంచరు. ఇస్రాయేలు తలెత్తి చూసి, పానా చేతబట్టుకుని అటు తిరిగి ఇంకో సైకిలు ముందర కూచున్నాడు. గాలయ్య తానే లేచి టైరు విప్పి, ట్యూబును నీళ్ళ టబ్బులో ముంచాడు. యోహాను గడపకు అవతలే నిలబడ్డాడు. చర్చిలో కూడా తనతో ఎవరూ మాట్లాడడం లేదని అన్నాడు, ఎవరితోనో అన్నట్టు. ఆ తర్వాత అడిగాడు.

"మామా, నువ్వన్న నమ్ముతవా నేను చెప్పలేదని?"

"నమ్ముత" అన్నాడు గాలయ్య.

అది చాలనుకున్నాడు. కానీ యోహాను రెండు నెలలుగా ఆ మాట కోసం ఊరంతా తిరిగినవాడు.

"ఎట్ల నమ్ముతవు?"

అటువైపు పానా చప్పుడు ఆగింది. గాలయ్య చేతుల కింద ట్యూబులోంచి బుడగలు ఒకటి తర్వాత ఒకటి వస్తున్నాయి. నువ్వు మంచోనివని అనొచ్చు. నిన్ను చిన్నప్పటి నుంచి ఎరుగుదునని అనొచ్చు. అంటే ఈ పోరడు అది పట్టుకుని బతికేస్తాడు, ఇస్రాయేలు నమ్మడు, సంగతి ఇట్లాగే ఉంటుంది. ఇట్లాగే ఎన్నేళ్ళయినా ఉంటుంది.

"చెప్పింది నేను గనుక" అన్నాడు.

ఇద్దరిలో ఎవరి ముఖమూ చూడకుండా మిగిలింది కూడా చెప్పాడు. హోటల్లో నవ్వు, బస్సు, కిటికీ, మల్లప్ప. చెప్తుంటే ఎంత చిన్న సంగతో అతనికే తెలిసింది.

ఇస్రాయేలు లేచి వచ్చాడు. కొడతాడనుకుని గాలయ్య కదలకుండా కూచున్నాడు. వాడు కొట్టలేదు.

"రెండు గోల్స్ అని చెప్పినంక మల్లప్ప ఒప్పుకున్నడా?" అని అడిగాడు.

"లేదు."

"ఏమన్నడు?"

"గది పట్నపోళ్ళ మూడో రకం టీము అయ్యుంటది అన్నడు."

ఇస్రాయేలు పానాను మెల్లగా పెట్టెలో పెట్టాడు. చేతులు గుడ్డతో తుడుచుకున్నాడు.

"మొదటి టీమే" అన్నాడు.

"మొదటి టీమే" అన్నాడు యోహాను గడప అవతల నుంచి. "గోలెన్క నిలబడి చూసిన గద. రెండోది ఎడమ కాలుతోని కొట్టినవు."

"కుడి కాలు."

"ఎడమ కాలురా."

ఇస్రాయేలు గడప దాటాడు. యోహాను చిట్లిన పెదవి మీది మచ్చను ఒకసారి చూశాడు. ఇద్దరూ బిక్షమ్మ పనిచేసే మిల్లు వైపు నడిచారు. ఎడమా కుడీ అని ఇంకా వాదించుకుంటూనే ఉన్నారు. అప్పటిదాకా ఊళ్ళో ఫుట్‌బాలు తగువేదైనా గాలయ్యను అడగకుండా ముగిసేది కాదు. ఇద్దరిలో ఒక్కడూ వెనక్కి తిరగలేదు.

గాలయ్య పంచరు వేశాడు. గాలి కొట్టి, చేత్తో నొక్కి చూసి, సైకిలు బయట గోడకు ఆనించాడు. పొద్దు వాలేటప్పుడు ఇస్రాయేలు ఒక్కడే వచ్చాడు. లోపలికి రాలేదు.

"పంచరు అయ్యిందా?" అని అడిగాడు. మామా అనలేదు.

"అయ్యింది" అన్నాడు గాలయ్య.

ఇస్రాయేలు స్టాండు తన్ని, యోహాను సైకిలును నడిపించుకుంటూ తీసుకుపోయాడు.