నీళ్లొదిలిన పొలం

పంచదార పేరెత్తితే ఊళ్లో అందరికీ నోరు తీపెక్కుతుంది, గాలిమామకి మాత్రం కడుపు మండుతుంది. పంచదార ఆయన అక్క మొగుడు. అసలు పేరు పెళ్లినాడే అందరూ మర్చిపోయారు. ఆ నోట్లోంచి ఊడిపడే మాటలు అలాంటివి మరి. ఎదురొచ్చిన కుక్కని కూడా "ఏం నాయనా, తిన్నావా?" అని పలకరించే రకం. నోరు మంచిదైతే ఊరు మంచిదన్నారు పెద్దలు. ఆ పెద్దల్లో ఒక్కడికైనా ఇలాంటి బావ ఉండి ఉండడు. ఉంటే ఆ మాట అనేవాళ్లు కాదు.

గాలిమామది వంతెన రోడ్డులో పంక్చర్ల కొట్టు. ఇరవై ఏళ్లుగా లారీలకి గాలి కొట్టీ కొట్టీ ఆ పేరొచ్చింది. "గాలి మాటలు చెప్పేవాడనుకునేరు, గాలి కొట్టేవాడు" అని పెళ్లాం కొత్తవాళ్లకి విడమర్చి చెబుతుంది. ఓ రేకుల కప్పు, ఓ కంప్రెసరు, ట్యూబు ముంచి బుడగలు చూసే నీళ్ల తొట్టి, గోడకి వేలాడదీసిన పాత టైర్లు. వెనక ఒకే గది. అందులో సంసారం.

కొట్టు ఏటికి ఇటుంది. ఏటికి అటు వేరే దేశం. ఎగువన నీలంగా కనబడే కొండలు ఇంకో దేశానివి. మూడు దేశాల లారీలూ ఈ రోడ్డు మీద పడే పోవాలి. కొండల లారీలు దుంగలూ రాళ్లూ తెస్తాయి, వాటి టైర్ల పక్కలు కోసుకుపోయి ఉంటాయి. అటు ఒడ్డు లారీలు ఉల్లిపాయలు తెస్తాయి, వాటి టైర్లు అరిగి గుండు కొట్టించుకున్నట్టుంటాయి. డ్రైవర్ల తిట్లు మాత్రం మూడు దేశాల్లోనూ ఒకటే. గడియారాలే వేరు. వంతెన దాటితే అరగంట ముందుకి తిప్పుకోవాలి. "మా అక్క నాకంటే నాలుగేళ్లు పెద్ద, ఆ పైన అరగంట" అని నవ్వేవాడు గాలిమామ. అప్పట్లో నవ్వేవాడు.

ఏటికి రెండు ఒడ్డుల మీదా మాట్లాడేది ఒకే మాట, చేసేది ఒకే సేద్యం. తాతల నాడెవడో గీత గీశాడు. గీసినవాడికి ఏరు కనబడింది గానీ, ఇటు ఇల్లూ అటు పొలమూ ఉన్న మనుషులు కనబడలేదు. అలా గాలిమామ నాన్న పొలం అటు పడింది. అక్కని కూడా అటే ఇచ్చారు. పొలం అక్కా బావా చేస్తారు, పంటలో సగం గాలిమామకి పంపుతారు. పొలమున్నవాళ్లకి వంతెన దాటడానికి ఒక పాసు ఇస్తారు. ఆ పాసుతో ఏటా దుక్కికీ కోతకీ వెళ్లొస్తాడు.

ఇలాగే గడిచిపోయేది. ఇంతలో రోడ్డు పెంచుతున్నారన్నారు. కొట్టు మీద ఎర్ర రంగుతో గీత పెట్టిపోయారు. ఆ గీత సరిగ్గా పడకగది మధ్యలోంచి పోయింది.

"రోడ్డు పెద్దదవుతుందంట. మనం చిన్నవాళ్లమవుతాం" అంది పెళ్లాం.

"ఏడవకు. అటు పొలం ఉంది కదా. గట్టు మీద ఓ పాక వేసుకుందాం. గాలి కొట్టే ఓపిక ఎలాగూ అయిపోయింది, మట్టి పిసుక్కుని బతుకుదాం."

"వాళ్లు ఉండనిస్తారా?"

"సొంతంగా సాగు చేసుకునేవాడు అక్కడే ఇల్లు కట్టుకోవచ్చు. వాళ్ల చట్టమే చెబుతోంది. ఆఫీసరు ముందుకెళ్లి పొలం నాదే, నేనే చేసుకుంటున్నానని చెప్పాలి, అంతే. ఈ నెలలోనే విచారణ. వదిలేస్తామన్నవాళ్ల పొలం అక్కడున్న చుట్టాలకి రాసేస్తారంట. మనమెందుకు వదిలేస్తాం?"

పొలం తప్ప ఇద్దరికీ ఈ భూమ్మీద కాలు మోపే చోటు లేదు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు కాబట్టి ఎవరూ పైకనలేదు. పెళ్లాం ఒక్కటే అంది.

"ఆఫీసరు ముందు ఎక్కువ మాట్లాడకు. అవునంటే అవునను, కాదంటే కాదను."

"నా పొలం గురించి నేను చెప్పుకోలేనా?"

విచారణకి రెండ్రోజుల ముందే అటెళ్లాడు. కొండల దేశం వాళ్లు అప్పుడే ఏటి మీద ఆనకట్ట తలుపులెత్తారు. ఏటి ఒడ్డున అందరి నోటా ఒకటే మాట, "పైవాళ్లు నీళ్లొదిలారంట" అని. చిన్నప్పటినుంచీ గాలిమామకి సేద్యమంటే ఆ మాటే. కాలువకి నీళ్లొదలడం, మడికి నీళ్లొదలడం. బావ నీళ్లు తోడే ఇంజను మొరాయిస్తే విప్పి వాషరు మార్చి స్టార్టు చేశాడు. మోకాళ్ల దాకా పంచె ఎగ్గట్టి గండి కొట్టి నీళ్లు వదిలాడు. సాయంత్రానికి ప్రతి మడీ నిండింది. కొంగలు దిగాయి. అక్క గట్టు మీద కూర్చుని "నాన్నలాగే ఉన్నావురా, అదే వంగడం, అదే మూలగడం" అని నవ్వింది. పాక ఎక్కడ వేయాలో ఆవిడకి చూపించాడు. పంచదార కూడా చూశాడు. "వెయ్యి బామ్మర్దీ, వెయ్యి. నువ్వు పక్కనుంటే నాకు కొండంత బలం" అన్నాడు. ఎంత బాగా అన్నాడో.

విచారణ వంతెనకి అటు చివరున్న షెడ్డులో పెట్టారు. ఆఫీసరు వాళ్ల రాజధాని మనిషి, కుర్రాడు. ఆయన మాట ఏటి ఒడ్డు వాళ్లకి తెలియదు, వీళ్ల మాట ఆయనకి తెలియదు. మధ్యలో ఒక గుమాస్తా. ఆయనది ఏటికి దూరంగా లోపలెక్కడో బావుల కింద పండించే ఊరు. పొద్దున్నించీ జనంతో అరిచి గొంతు పోయింది పాపం. గాలిమామ వంతు వచ్చేసరికి ఆఫీసరు ఏదో అడిగాడు.

"మీ పొలం సంగతి ఏం చేశారని అడుగుతున్నారు" అన్నాడు గుమాస్తా.

గాలిమామ ఛాతీ విరుచుకున్నాడు. పెళ్లాం చెప్పింది గాలికిపోయింది.

"ఏం చేయడమేంటండీ, మొన్ననే పొలానికి నీళ్లొదిలేశాను! ఇంక మా బావ చూసుకుంటాడు."

గుమాస్తా కళ్లజోడు పైకి తోసుకున్నాడు. "వదిలేశారా? మొత్తానికా?"

"మొత్తానికి! ఒక్క మడి చెక్క కూడా మిగల్చలేదు."

"ఎవరైనా ఒత్తిడి చేశారా?"

ఇదేదో వేళాకోళమనుకున్నాడు గాలిమామ. పగలబడి నవ్వాడు. "నా మీదెవరు ఒత్తిడి చేస్తారండీ? దగ్గరుండి నా చేతుల్తో నేనే వదిలాను."

గుమాస్తాకి ఎందుకో అనుమానమొచ్చింది. పక్కన నిలబడ్డ పంచదార వైపు తిరిగాడు. "మీ బామ్మర్ది అన్నది నేను సరిగ్గానే విన్నానా?"

పంచదార కింద సిమెంటు నేలకేసి చూశాడు. తర్వాత చాలా మెత్తగా, "అక్షరం పొల్లు పోలేదండీ" అన్నాడు.

గుమాస్తా ఆ ముక్కనే ఆఫీసరుకి వాళ్ల భాషలో చెప్పాడు. ఆఫీసరు లేచి నిలబడి గాలిమామ చెయ్యి పట్టుకుని ఊపాడు. ఎన్నేళ్లు తోమినా పోని టైరు నలుపున్న చెయ్యి అది. అంత పెద్దమనిషి దాన్ని పట్టుకున్నాడని గాలిమామ కళ్లు చెమర్చాయి. బయటికొచ్చాక బావ టీ తాగించాడు. టీ తాగినంతసేపూ ఒక్క తీపి మాట ఆడలేదు. తలనొప్పేమో పాపం అనుకున్నాడు గాలిమామ.

తర్వాత నెలన్నరకి కొట్టు కూల్చారు. రేకులు విప్పుకోనిచ్చారు, అదొక దయ. పాకకి పనికొస్తాయని రేకులు, మంచం, గిన్నెలు, కంప్రెసరు ఓ ట్రాలీ ఆటోలో వేసుకుని మొగుడూ పెళ్లాం వంతెన ఎక్కారు. కాపలా జవాను పాతికసార్లు చూసిన మొహమే. పాసు అందుకుని ఏదో మిషన్లో పెట్టి చూశాడు. మళ్లీ పెట్టాడు.

"మామా, ఇది చెల్లదు."

"మొహం చూసి చెబుతున్నావా, పాసు చూసి చెబుతున్నావా?"

"నవ్వులాట కాదు మామా. పొలమున్నవాళ్లకే పాసు. నీకు అటు పొలం లేదంటోంది."

"నీ మిషన్‌కి మతిపోయింది."

వెనక లారీలు హారన్లు మొదలెట్టాయి. జవాను ఆటోని పక్కకి పెట్టించి, షెడ్డులోంచి గుమాస్తాని పిలుచుకొచ్చాడు. గుమాస్తా గుర్తుపట్టాడు.

"మీరే కదండీ వదిలేశానన్నారు? మీ బావగారి పేరుకి మారిపోయింది."

"నేనెప్పుడన్నాను?"

"పొలానికి నీళ్లొదిలేశాను, ఇంక మా బావ చూసుకుంటాడు అన్నారు. రెండుసార్లు అడిగాను."

పెళ్లామే అందుకుంది. "నీళ్లొదలడమంటే నీళ్లొదలడమేనయ్యా! తడపడం! మడి తడపడం!"

"మావైపు దాన్ని నీళ్లు పెట్టడం అంటామమ్మా. లేకపోతే నీళ్లు కట్టడం. మా నాన్న నా పెద్ద చదువుకి నీళ్లొదిలేశాడంటే కాలేజీని తడిపాడని కాదు కదా?"

"ఆ అర్థంలో మేమూ అంటాం" అంది ఆవిడ. "కానీ పొలం దగ్గర అంటే నీళ్లే. మా ఒడ్డున చంటిపిల్లలకీ తెలుసు. వాళ్ల బావకి తెలియదా? ఆయన పుట్టింది ఈ ఏటి గట్టునే!"

గుమాస్తా చెడ్డవాడు కాదు. "ఆ రోజు మీ బావగారినే అడిగాను. ఆయనొచ్చి పొరపాటైందని ఒక్క ముక్క చెబితే నేనివాళే ఆఫీసరుగారికి పంపుతాను. ఆయన చెప్పకపోతే మాత్రం ఎవరూ ఏమీ చేయలేరు" అన్నాడు.

ఫోను చేస్తే అక్కా బావా ఇద్దరూ మోపెడ్డు మీద వచ్చారు. వాళ్లు గేటుకి అటు, వీళ్లు ఇటు. మధ్యలో చారల చారల కర్ర అడ్డం.

"బావా, నేను పొలం వదిలేశానన్నానా?" అన్నాడు గాలిమామ.

"నువ్వు అన్న మాటే అన్నావని చెప్పాను బామ్మర్దీ. అబద్ధమేమన్నా ఆడానా?"

"దాని అర్థం నీకు తెలుసు."

"అర్థం ఆయన అడగలేదు కదా."

"ఇప్పుడు అడుగుతున్నాను" అన్నాడు గుమాస్తా. "ఆయన తడిపానన్నారా, వదులుకున్నానన్నారా? మీరు ఏ ముక్క చెబితే ఆ ముక్కే పంపుతాను."

లారీలు కూడా ఊరుకున్నాయి. పంచదార తలగుడ్డ తీసి మొహం తుడుచుకున్నాడు. తన పెళ్లాం వైపు చూశాడు. అక్క ఏటి వైపు చూస్తోంది. ఆ చూపు తిప్పలేదు.

"నాకంత భాష రాదండీ" అన్నాడు పంచదార, ఆ ప్రాణం తీసే మెత్తటి గొంతుతో. "మట్టి పిసుక్కునేవాణ్ణి. ఏది తడపడమో ఏది వదలడమో మీలాంటి చదువుకున్నవాళ్లే తేల్చాలి. మీరు తేల్చారు కదా, నేనెవర్ని కాదనడానికి?"

"అక్కా!" అన్నాడు గాలిమామ.

అప్పుడు తిరిగింది అక్క. "నేనక్కడ లేను కదరా. నీ నోటితో నువ్వే అన్నావంట" అంది. మళ్లీ తనే, "పొలం ఎక్కడికి పోతుందిరా, మన దగ్గరే కదా ఉంది. ధాన్యం పంపుతాంలే" అంది.

"ఎంతకాలం?"

పంచదార మోపెడ్డు తిప్పాడు. ఎక్కేముందు బామ్మర్ది పెళ్లాం వైపు తిరిగి, "అమ్మాయ్, ఎండలో నిలబడకండి, వడదెబ్బ తగులుతుంది" అన్నాడు. గాలిమామ కర్ర మీంచి దూకబోతే జవాను వెనక నించి పట్టుకున్నాడు. "వద్దు మామా. అటు దూకితే నిన్ను పట్టుకునే ఉద్యోగం నాదే" అన్నాడు. గాలిమామ ఆ చేతుల్లో కాసేపు పెనుగులాడి, తర్వాత పంక్చరైన ట్యూబులా జారిపోయాడు.

ఆటో వెనక్కి తిరిగింది. ఎక్కడికి పోనివ్వాలని అడిగాడు ఆటోవాడు. "ముందు వంతెన దిగు" అంది పెళ్లాం. అంతకుమించి ఆవిడకీ తెలియదు. సామాను కూల్చిన కొట్టు ముందే దింపించుకున్నారు, అక్కడైతే ఎవరూ అద్దె అడగరని. మొండిగోడ మీద కూర్చున్నారు. గది నేల చదును చేసి రోలరు తోలేశారు. మంచం కోళ్లు ఆనే నాలుగు చోట్లూ ఎక్కడో కూడా తెలియలేదు.

కొండల దేశం లారీ ఒకటొచ్చి ఆగింది. "మామా, వెనక చక్రంలో గాలి తక్కువుంది" అని కేకేశాడు డ్రైవరు. కిందికి దిగి చూసి, సంగతి అర్థమై, బీడీ ఒకటి తీసిచ్చి పక్కన కూలబడ్డాడు. పెళ్లాం జరిగిందంతా చెప్పింది. డ్రైవరు ఒక బండబూతు తిట్టాడు. పంచదారనో, వంతెననో, తమ దేశం వదిలిన నీళ్లనో.

"కోర్టుకెళ్లొచ్చుగా?"

"అటెళ్లడానికి పాసు కావాలి" అంది ఆవిడ. "పాసుకి పొలం కావాలి."

డ్రైవరు బీడీ పారేశాడు. "అసలెంత ఉంటుంది మామా ఆ పొలం?"

గాలిమామ అప్పటిదాకా నోరు తెరవలేదు. ఇప్పుడు తెరిచాడు.

"గట్లు కలుపుకుని ఎకరం ముప్పై ఎనిమిది సెంట్లు."