మార్తమ్మా, ఇనుప ఎద్దూ

మార్తమ్మ పీట మీద కూర్చుని, కాళ్లు చాపుకుని, చీరను మోకాళ్ల దాకా మడుచుకుని, మోచేతిని బకెట్లో ముంచి చూసింది. వేళ్లను నమ్మడం ఆమె ఎన్నడో మానేసింది. ముప్పై ఏళ్లుగా వేడినీళ్లలో నానీ నానీ అవి మొద్దుబారిపోయాయి. నీళ్లు సలసలా కాగుతున్నా పర్వాలేదనే అంటాయి. మోచెయ్యి అలా కాదు, ఉన్నమాట చెబుతుంది.

"జర సల్లనీళ్లు కలుపు బిడ్డా."

రచన ఒక చెంబు కలిపింది. మోచెయ్యి ఈసారి ఒప్పుకుంది. రచన రెండు నెలల కొడుకు మార్తమ్మ పిక్కల మీద బోర్లా పడుకుని, నూనె రాసినంతసేపూ గొంతు చించుకుని, వీపు మీద గోరువెచ్చని ధార పడగానే నోరు మూశాడు. ధార ఆగగానే మళ్లీ అందుకున్నాడు. ఇంతలో రచన భర్త సందీప్ కొత్తగా కొన్న గాలి హీటరును వైరుతో సహా మోసుకొచ్చి, బాత్రూం గడప మీద పెట్టబోయాడు. అది అప్పటికే బుస్సుమని గాలి కొడుతోంది.

"ఆడనే ఆగు సారూ! నీళ్లున్నకాడికి కరెంటు రావొద్దు. గదిల పెట్టు, నేను బాబును తుడిచి ఆడికే తెస్త. ఈడ పెడితే సీదా ఏసయ్య కాడికే పోత నేను."

సందీప్ హీటరును చంకన పెట్టుకుని వచ్చిన దారినే వెనక్కి నడిచాడు.

పసిపిల్లలకు నీళ్లు పోయడం మార్తమ్మ పని. మెదక్‌లో చర్చి వెనక సందులో ఆమె ఇల్లు. పొద్దున ఏడింటికి బయలుదేరి పదకొండు లోపల మూడిళ్లు చుట్టి వస్తుంది. రాందాస్ చౌరస్తాలో ఈల ఊదే కానిస్టేబులు ఆమె కాళ్ల మీద పెరిగినవాడే. హీటర్లమ్మే శ్రీకాంత్ కూడా అంతే. దుకాణంలో అతను కాస్త పెద్దరికం చూపించబోతే, "నా కాళ్ల మీద ఉచ్చపోసినోనివి, నాకు చెప్తవా?" అని నలుగురి ముందూ అనేస్తుంది. అందుకే మార్తమ్మ కనిపిస్తే శ్రీకాంత్ ఆమె నోరు తెరవకముందే కుర్చీ వేస్తాడు.

ఆ ఏడాది చలికాలంలో ఇగం ఎముకలు కొరికింది. ఇంటింటికీ హీటర్లు వచ్చాయి. పసిపిల్లలున్న ఇళ్లకైతే పిల్లకంటే ముందే వచ్చాయి. మార్తమ్మకు అవంటే కోపమేమీ లేదు. నిప్పుల కుంపటి పొగలో కళ్లు మండించుకున్న రోజులు ఆమెకు బాగా గుర్తు. కాకపోతే, బొత్తాం తిప్పగానే బుద్ధి కూడా దానికే అప్పజెప్పేవాళ్లంటే ఆమెకు ఒళ్లుమంట.

రెండో ఇల్లు జనార్దన్ పటేలుది. పాపన్నపేట దిక్కు పొలాలు, ఊళ్లో రెండంతస్తుల మేడ. అతని కూతురు ఆశ్రిత తొలి కాన్పుకు పుట్టింటికి వచ్చింది. ఆశ్రితకూ పాతికేళ్ల కిందట నీళ్లు పోసింది మార్తమ్మే. నెల ముందే నొప్పులొచ్చి, రెండు కిలోలు కూడా తూగని ఆడపిల్ల పుట్టింది. ఇంటికి పంపేటప్పుడు డాక్టరమ్మ రెండు మాటలు చెప్పింది: పిల్లను ఎచ్చగా ఉంచాలి, గంటకో గంటన్నరకో ఒకసారి పాలు తాగించాలి. బరువు పెరగకపోతే మళ్లీ దవాఖానలో పెట్టాల్సిందే. ఆ చివరి మాట పట్టుకుని ఆశ్రిత తల్లి కౌసల్య నిద్ర మానేసింది.

హీటరు తెమ్మని ఆమె మొగుడికి ఫోన్ చేసింది. జనార్దన్‌కు హీటరంటే నీళ్లు కాచడానికి బకెట్లో వేసే కడ్డీ. అదే తెచ్చాడు. "పిల్లను బకెట్ల పెడదామా ఇగ?" అని కౌసల్య ఇంతెత్తున లేచింది. మర్నాడు ఎర్రగా మండే కడ్డీల హీటరు తెచ్చాడు. మంటను చూసి ఆమె జడుసుకుంది. మూడోసారి శ్రీకాంతే ఆటోలో చక్రాల హీటరొకటి పంపాడు. లోపల నూనె, బయట వరసగా ఇనుప రేకులు. మార్తమ్మ దాని చుట్టూ ఒకసారి తిరిగి చూసింది.

"గిదేంది పటేలా, బక్కెద్దును తోలుకొచ్చిండ్రు? డొక్కలు లెక్కపెట్టొచ్చు."

ఆ రోజు నుంచీ అది ఎద్దే. గది గాలి మరీ పొడిబారకుండా దగ్గర్లో ఒక గిన్నెతో నీళ్లు పెట్టమని ఆమే చెప్పింది. రోజూ గడపలో అడుగు పెడుతూనే, "ఎద్దుకు కుడితి పెట్టిండ్రా?" అని అడిగేది. ఆశ్రిత నవ్వేది. కుట్లు నొప్పి పెడుతున్నా నవ్వేది.

ఆ పొద్దున మాత్రం ఎవరూ నవ్వలేదు. మార్తమ్మ తలుపు తోస్తే అది కదల్లేదు. కింద సందులో పాతచీర కుక్కి ఉంది. గట్టిగా నెడితే లోపలి గాలి ముఖానికి కొట్టింది, ఇటుకబట్టీ దగ్గర నిలబడ్డట్టు. కిటికీ సందుల్లోనూ గుడ్డలే. ఎద్దు వీపు మీద పాప బట్టలు నాలుగు ఆరేసి ఉన్నాయి. నీళ్ల గిన్నె ఎండిపోయింది.

కౌసల్య నోటి మీద వేలు పెట్టుకుంది. "మెల్లగ, మార్తమ్మా. బంగారు తల్లి, రాత్రి సంది మంచిగ పండుకున్నది. ఏడుస్తనే లేదు."

"పాలు తాగిందా?"

"లేపితే లేస్తలేదు. నిద్ర గదా అని ఊకున్న."

ఏడవని పిల్లను మార్తమ్మ ఎన్నడూ నమ్మలేదు. రెండు దుప్పట్లు, రెండు స్వెటర్లు, టోపీ, మేజోళ్లు. ఇన్నింటి లోపల ఎక్కడో పిల్ల ఉంది. మెడ వెనక చెయ్యి పెట్టి, నమ్మకం చాలక మోచెయ్యి ఆనించింది. కాలుతోంది. పెదాలు ఎండి ఉన్నాయి, బుగ్గలు కందిపోయాయి. పొట్ట గబగబా ఎగిసి పడుతోంది.

మార్తమ్మ మారు మాట్లాడకుండా బొత్తాం తిప్పి ఎద్దు నోరు మూసింది. దాని మీది బట్టలు లాగి పడేసింది. తలుపు కింది చీర పీకి తలుపు తెరిచింది.

"ఏం చేస్తున్నవ్?" కౌసల్య అడ్డం వచ్చింది. "బయట ఎంత ఇగం ఉన్నది! నా మనుమరాలికి ఏమన్నయితే నువ్వు తెస్తవా?"

ఆ ఇంట్లో కౌసల్య మాటకు ఎదురు లేదు. ఆమె వద్దంటే రేపటి నుంచి ఈ వీధిలో మరి నాలుగిళ్లు కూడా వద్దంటాయి. మార్తమ్మకు అది తెలుసు. భయం కూడా వేసింది. అయినా చేతులు ఆగలేదు. టోపీ తీసి, దుప్పట్లు విప్పుతూనే మాట్లాడింది.

"అమ్మా, డాక్టరమ్మ ఏమన్నది? ఎచ్చగ ఉంచుండ్రి అన్నది. మీరేం జేసిండ్రు? వేడిగ పెట్టిండ్రు. ఎచ్చ వేరు, వేడి వేరు. ఎచ్చకు పిల్ల పెరుగుతది, వేడికి పిల్ల ఉడుకుతది."

కౌసల్య అడ్డం తప్పుకుంది. జనార్దన్ గుమ్మంలో నిలబడి అంతా విన్నాడు.

"కారు తీయుండ్రి పటేలా. తాగినా తాగకున్నా డాక్టరమ్మకు సూపియ్యాలె. ఆశ్రితా, నువ్వు మంచం దిగి ఇటు రా బిడ్డా. రొమ్ముకు ఆనించి పట్టుకో. నడుమ గుడ్డ వద్దు, నీ తోలుకు దాని తోలు. మీద పల్చటి శాలువా సాలు."

ఈ విద్య మార్తమ్మకు ఊరికే రాలేదు. ఆమె కూతురు ఫేబ ఎనిమిదో నెలలోనే పుట్టింది, పిల్లి పిల్లంత. అప్పుడు ఇంట్లో హీటరు కాదు కదా, సరైన తలుపే లేదు. మిషను దవాఖానలో ఒక ముసలి నర్సమ్మ ఆ పిల్లను తీసి మార్తమ్మ రవికె లోపల పెట్టి, పైన చీర కట్టి, "దీన్ని మించిన పెట్టె ఏ దేశంలనూ లేదు" అంది. నెలన్నర రోజులు మార్తమ్మ అలాగే వండింది, అలాగే ఊడ్చింది, అలాగే కూర్చుని నిద్రపోయింది. ఇప్పుడు ఫేబ బడిలో పంతులమ్మ. ఎక్కితే ఆటో ఒక పక్కకు ఒరుగుతుంది. ఆ ఒరగడం చూసినప్పుడల్లా మార్తమ్మకు కడుపు నిండిపోతుంది.

గదిలో ఎద్దు చల్లారుతూ టిక్కు టిక్కుమంటోంది. జనార్దన్ కారు తాళాలు పట్టుకుని బొమ్మలా నిలబడ్డాడు. ఆశ్రిత కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి. మార్తమ్మ పాప అరికాలిని బొటనవేలితో రాస్తూ, ఒక్కో చుక్కా పాలు పిండి పెదవుల మీద వేయమంది. ఒక చుక్క జారిపోయింది. రెండోదీ జారిపోయింది. మూడో చుక్కకు నాలుక కదిలింది. నాలుగో చుక్కకు పాప మొహం ముడుచుకుని, నోరు సొరకాయ బుర్రంత తెరిచి, ఇల్లెగిరిపోయేలా ఏడ్చింది.

"ఏడ్చింది! ఏడ్చింది!" జనార్దన్ పెళ్లికబురు చెప్పినట్టు కేక వేశాడు. పిల్ల ఏడిస్తే ఆ ఇంట్లో అంత సంతోషం ఎన్నడూ లేదు. పాప ఏడుపు మధ్యలోనే రొమ్ము అందుకుని గుటకలు వేయడం మొదలుపెట్టింది. కౌసల్య గోడకు ఆనుకుని, కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది.

"నా చేతుల్తోనే పిల్లను ఆగం జేసుకుంటుంటి గదా, మార్తమ్మా."

"ప్రేమతోనే జేసిండ్రు గద అమ్మా. ప్రేమకు గూడ బొత్తాం ఉండాలె, గంతే."

ఆ పూట పాపకు నీళ్లు పోయలేదు. దవాఖానలో డాక్టరమ్మ పరీక్షించి, గండం తప్పిందని, సరైన సమయానికి తీసుకొచ్చారని చెప్పి, మార్తమ్మ చెప్పిందే ఇంకాస్త ఇంగ్లీషులో చెప్పింది. తిరిగొచ్చాక కౌసల్య కుంకుమ భరిణె తెచ్చి, ఎద్దు బొత్తాం మీద గీత ఎక్కడ ఆగాలో అక్కడ బొట్టు పెట్టింది. ఆ బొట్టు దాటించే ధైర్యం తర్వాత జనార్దన్‌కు కూడా రాలేదు.

మార్తమ్మ మూడో ఇంటికి ఆలస్యంగా వెళ్లి మాటలు పడి, మధ్యాహ్నం ఇల్లు చేరింది. సాయంత్రం కాళ్లకు నూనె రాసుకుంటూ సంగతంతా మొగుడికి చెప్పింది. లాజరు చర్చి తోటలో మాలి. చలికి చెవుల చుట్టూ తువ్వాలు చుట్టుకుని విన్నాడు.

"మనం గూడ ఒక ఎద్దును తెచ్చుకుందమా?"

"ఎందుకు? గురక పెట్టే ఎద్దు ఇంట్లుండంగ ఇంకోటి ఎందుకు?"

లాజరు నవ్వి ఆమె పాదాలను తన ఒళ్లోకి లాక్కున్నాడు.

చలి పోయింది. చింతచెట్లు చిగుర్లు తొడిగే వేళకు పాప నాలుగు కిలోలు దాటింది. ఒక బుధవారం ఆశ్రిత భర్త రాకేష్ కౌడిపల్లి నుంచి కారు తీసుకుని వచ్చాడు. ఆ పొద్దున మార్తమ్మ ఆఖరుసారి కాళ్లు చాపి కూర్చుంది. నూనె రాస్తుంటే పాప నడుము చుట్టూ మొలతాడు ఒరుసుకుని ఎర్రటి గీత కనిపించింది. ఇరవై ఒకటో రోజున కౌసల్య కట్టిన నల్లతాడు అది. అప్పుడు రెండు చుట్లు చుట్టినా జారిపోయేది, తర్వాత ఒక చుట్టుగా విప్పి కట్టారు. ఇప్పుడు ఆ ఒక్క చుట్టూ చాలడం లేదు. కౌసల్య కత్తెర తెచ్చి టక్కున కత్తిరించింది. అత్తగారింటి నుంచి వచ్చిన వెండి మొలతాడు కట్టారు.

సామానంతా కారెక్కింది. ఎద్దు కూడా ఎక్కింది. "బిడ్డకు పుట్టింటి అరణం ఇస్తున్న, ఎద్దును," అని జనార్దన్ అంటే అందరూ నవ్వారు. ఆశ్రిత వంగి మార్తమ్మ కాళ్లు ముట్టింది.

"నువ్వు గూడ మాతోని రారాదు?"

"వస్త గనీ, రేపు బస్టాండు కాడ కవల పిల్లలున్నరు బిడ్డా. వాళ్లూకుంటరా?"

కారు మలుపు తిరిగింది. మార్తమ్మకు ఏడుపొచ్చింది. మూడు నెలలకోసారి ఎవరో ఒకరి కోసం వస్తూనే ఉంటుంది, ఇంతవరకూ అలవాటు కాలేదు. ఈ పిల్లకు ఆమె మొహం గుర్తుండదు, పేరు తెలియదు. పెరుగుతుంది, అంతే. అది చాలనుకుని కొంగుతో కళ్లు ఒత్తుకుని, పెరట్లో నీళ్లు పోసిన చోటు కడుగుదామని చెంబు పట్టుకుని వెళ్లింది.

బండ మీద సున్నిపిండి నీళ్లలో, కత్తిరించిన నల్ల మొలతాడు ముడి విప్పకుండానే పడి ఉంది.