పాడైన తొమ్మిది వందల షీట్లు

పండరీ బజారులోని ఒక అచ్చు ప్రెస్సులో మెషీన్లకు కొత్తగా మీటర్లు బిగించారు. ఎన్ని షీట్లు పాడయ్యాయో తెర మీద ఎర్రంకెల్లో కనబడుతుంది. మూడు రోజులుగా అచ్చయ్య మెషీనుదే పెద్ద అంకె. ఇవాళ తొమ్మిది వందలు.

"నాలుగింటికి ఓనరు సేఠ్ వస్తారు. ఆలోగా అచ్చయ్యను తీసేస్తున్నట్టు కాగితం తయారుచెయ్," అన్నాడు మేనేజర్ తివారీ.

మీటర్లు చూసే ఫణిశ్రీకి చెయ్యాడలేదు. అచ్చయ్యది పాతికేళ్ల సర్వీసు. టైము మూడూ నలభై. ఆమె మెషీను దగ్గరికి పరుగెత్తింది.

"బాబాయ్, ఇంత కాగితం ఏం చేస్తున్నావ్? నీ నౌక్రీ పోతోంది!"

"నేనా? రంగు కుదిరేదాకా కొత్త షీటు ముట్టను బేటీ! పాడైనవే మళ్లీ ఎక్కిస్తా. తెలీదా?"

ఆమె పాడైన షీట్ల కట్టలోంచి పైషీటు లాగింది. దాని మీద ఒకదానిపై ఒకటి అయిదు అచ్చులు. షీటు ఒక్కటే, మీటరు మాత్రం అయిదుసార్లు లెక్కపెట్టింది!

సేఠ్ లోపలికి అడుగుపెట్టేసరికి ఫణిశ్రీ అచ్చయ్య మెషీను చిత్తుకాగితాల బస్తాను ఆయన కాళ్ల ముందు బోర్లించింది.

"మీటర్లో నౌ సౌ సాబ్, తొమ్మిది వందలు. ఇక్కడ రెండొందలు కూడా లేవు. గిన్ లీజియే, మీరే లెక్కపెట్టండి!"

సేఠ్ ఒక షీటు ఎత్తి వెలుతురుకు పట్టి చూశాడు. అచ్చులు లెక్కపెట్టాడు. తివారీ తనే రాసి తెచ్చిన కాగితాన్ని అతని చేతిలోంచి లాక్కుని రెండు ముక్కలు చేశాడు.

అచ్చయ్య మెల్లగా చెయ్యి చాపాడు. "ఆ షీటు ఇటివ్వండి సాబ్. ఇంకోసారికి పనికొస్తుంది."