ఎస్సూ హెచ్చూ కలిసిన మాటలు

నా గొంతు పెద్దది. ఆ సంగతి ముందే ఒప్పేసుకుంటే ఒక పని అయిపోతుంది. నిడదవోలు దగ్గర కాలువ లాకుల మీద ముప్పై ఏళ్లు నీళ్లు వదిలే లస్కరు పని చేశాను. తలుపులు ఎత్తినప్పుడు ఆ నీళ్ల హోరులో అవతలి మనిషికి వినబడాలంటే అరవాల్సిందే. ఆ అలవాటు ఇంటికొచ్చినా పోలేదు.

మా ఆవిడ మెర్సీ ఇంగ్లీషు టీచరు. మొన్న ఈస్టరు ముందు శ్రమదినాల్లో ఒక ఆదివారం, చర్చికని జడ వేసుకుంటూ పడిపోయింది. పక్షవాతం అన్నారు. కాలూ చెయ్యీ రెండు నెలల్లో తిరిగొచ్చాయి గానీ మాట రాలేదు. తెలుగు ఒక్క ముక్క లేదు. దాహం వేస్తే గ్లాసు చూపిస్తుంది, అంతే.

రాజమండ్రిలో మాట నేర్పించే సారిక గారనే ఆవిడ దగ్గరికి తీసుకెళ్లాను. ఆవిడ కాగితం మీద ఏదో రాసి చూపించగానే మా ఆవిడ తడుముకోకుండా "ఫిష్" అంది. నేను కుర్చీలోంచి లేచిపోయాను.

"ఇంగ్లీషు ముందొస్తోందండి," అన్నారు సారిక గారు. "కొందరికి అలాగే అవుతుందండి. ఏది ముందొస్తే దాన్నే పట్టుకోవాలి. ఎస్సూ హెచ్చూ కలిసిన చిన్న చిన్న మాటలు రాసిస్తాను. ఆవిడ చదవాలి, మీరు అర్థం చెప్పాలి."

"నాకు ఇంగ్లీషు అంతంతమాత్రమేనండి."

"అర్థాలు కూడా పక్కనే రాసిస్తానండి."

టీచరు మొగుడికి ఇంగ్లీషు రాకపోవడమేంటని మీరనుకోవచ్చు. ఇంట్లో ఒకరికి వస్తే చాలదా? మొత్తానికి యాభై ఎనిమిదేళ్లకి మళ్లీ పలక పట్టాను.

రోజూ సాయంత్రం అరుగు మీద కూర్చునేవాళ్లం.

"షిప్," అనేది. "ఓడ," అనేవాణ్ని.

"షాప్." "కొట్టు."

"షట్." "మూసెయ్యి."

"యాష్." "బూడిద."

"డిష్." "కంచం. కూరని కూడా అంటారంట."

ఇదీ మా కాపురం. నేను ముందు చదివితే ఇంకో తంటా. మా వాళ్లందరికీ శనివారం కూడా సనివారమే. నేను "సిప్" అన్నానంటే ముఖం చిట్లించి, కాగితం మీద వేలు పెట్టి "షిప్" అని చదివేది. జబ్బు పడ్డా టీచరు టీచరే.

కానీ ఆ మాటలేవీ నాతో అన్నవి కావు. కాగితం చూస్తుంది, చదువుతుంది. కాగితం తీసేస్తే మళ్లీ నోరు మూతపడుతుంది. ఎండలు పోయి నాట్లు పడ్డాయి. మాటలు నూరు దాటాయి. ఒక్కటంటే ఒక్కటి నా కోసం లేదు. తిట్టినా సరే, నా ముఖం చూసి ఒక్క మాట అంటే చాలని ప్రాణం కొట్టుకుపోయేది. పాస్టరు గారు వచ్చి ప్రార్థన చేసి, "ఓపిక పట్టండి ఆరోన్ గారూ," అనేవారు. ఆయనకేం, ఎన్నైనా చెబుతారు. ఇంటికెళితే ఆయన్ని పిలవడానికి ఆయన భార్య ఉంది.

నిన్న "విష్" దగ్గరికొచ్చాం.

"విష్," అంది.

చూశాను. కోరిక అని రాసుంది. నాకు ఎక్కడ లేని కోపం పొంగుకొచ్చింది.

"కోరికంట. నా కోరికేంటో నీకు తెలుసా? ఈ ఓడలూ చేపలూ నాకెందుకు చెప్పు. ఇన్నేళ్లు కాపురం చేశావు, నాతో ఒక్క మాట మాట్లాడవా? పోనీ తిట్టు. ఆ దేవుడు నీ నోట్లో ఇంగ్లీషు ఉంచి నన్నెందుకు తీసేశాడు?"

లాకుల మీద అరిచినట్టే అరిచాను. ఎదురింటి వీరవేణి గారు గుమ్మంలోకొచ్చి చూశారు.

మెర్సీ కాగితం ఒళ్లో పెట్టేసింది. ఎదురింటి వైపు చూసింది. నా వైపు చూసింది. నా మోకాలి మీద చేత్తో ఒక్కటేసి, "హష్," అంది.

కాగితంలో వెతికాను. ఆ మాట లేదు. వెనక్కి తిప్పి చూశాను, అక్కడా లేదు. లోపలికెళ్లి ఆవిడ డిక్షనరీ తెచ్చి హెచ్చు దగ్గర వేలు పెట్టాను. పేజీలు ఒక్కొక్కటే తిప్పాను. ఎలాగో దొరికింది. అర్థం పక్కనే తెలుగులో ఉంది. ఊరుకో.

పెళ్లయిన మర్నాటి నుంచి పడిపోయిన రోజు దాకా ఆవిడ నన్ను రోజుకి పదిసార్లు అన్న మాట అదే. పెళ్లిళ్లలో, రైల్లో, చర్చిలో, నేను గొంతెత్తితే చాలు, మోకాలి మీద ఒకటేసి "మీరు ఊరుకోండి" అనేది. వినీ వినీ విసుగొచ్చేది నాకు. నిన్న మాత్రం అరుగు మీద నిలబడి, ఆ పుస్తకం పట్టుకుని ఏడ్చాను.

"ఏమైందండి అన్నయ్యగారూ?" అంటూ వీరవేణి గారు వీధిలోకొచ్చేశారు.

"మా ఆవిడ నన్ను ఊరుకోమంటోందండి," అని వీధంతా వినబడేలా చెప్పాను.

"హష్," అంది మెర్సీ, ఈసారి ఇంకాస్త గట్టిగా.

నేను ఊరుకుంటానా? నాట్ల గురించి, కాలువ గురించి, పాస్టరు గారి గురించి, ఏది తోస్తే అది దీపాలు పెట్టేదాకా అరుస్తూనే ఉన్నాను. ఆవిడ నన్ను ఇంకో ఐదుసార్లు ఊరుకోమంది.