గాలిలో మోగిన కత్తి

నేను ఒక అట్లకాడను. ఇనుముతో చేసినదాన్ని. పొడవు మూరకు కాస్త తక్కువ. ఒక కొసన అరచేతి వెడల్పు రేకు, రెండో కొసన పట్టుకోవడానికి చిన్న చుట్ట. చూడగానే గొప్పగా చెప్పుకోదగింది నాలో ఏమీ కనబడదు. అయినా చెప్పుకుంటాను. ఒకప్పుడు ఒక రాజ్యాన్ని కాపాడిన కత్తి నేనే. నన్నెవరూ చూడలేదు, విన్నారు. ఆ మాట నిజమేనని ఒక మనిషి ఒప్పుకోవడానికి మాత్రం యాభై ఏళ్లు పట్టింది.

నేను పుట్టింది దుగ్గిరాలలో, ఒక కొలిమి దగ్గర. విరిగిపోయిన బండిచక్రం పట్టాను కాల్చి, కొట్టి, నన్ను చేశారు. ఆ రోజు కమ్మరికి ఏదో తొందర. పిడి దగ్గర ఒకచోట సమ్మెట దెబ్బలు ఎక్కువ పడి నేను పలచబడ్డాను. "అట్టు తిరగెయ్యడానికి ఇది చాల్లే" అని నీళ్లలో ముంచేశాడు. ఆ పలచదనం వల్ల నాకొక గొంతు వచ్చింది. దేనికైనా తగిలితే ఖణేలుమని మోగుతాను, మరుక్షణం ఆగిపోతాను. మనుషులు తమ పొరపాట్లను దాచుకుంటారు. నేను మాత్రం నన్ను చేసినవాడి పొరపాటు మీదే బతికాను.

నన్ను కొన్నది రాఘవులు. ఆయన ఒక నాటకాల కంపెనీలో మృదంగం వాయించేవాడు. కంపెనీ ఊరూరా తిరిగేటప్పుడు నటులందరికీ అట్లు వేసి పెట్టేది ఆయన కూతురు మాణిక్యం. తెర ముందు తండ్రి తాళం వేస్తుంటే, తెర వెనక పొయ్యి దగ్గర ఆ పిల్ల నాతో పెనం అంచు మీద అదే తాళం వేసేది. సరిగ్గా ఎనిమిదో దెబ్బకు అట్టు తిరగబడేది. ఆమె చేతిలో ఒక్క అట్టు మాడడం నేను చూడలేదు.

సినిమాలొచ్చి కంపెనీ మూతబడింది. తండ్రీ కూతుళ్లు మద్రాసు చేరి, వడపళని వైపు ఒక స్టూడియో ఆవరణలో టిఫిన్ల కొట్టు పెట్టారు. రాజులు, మంత్రులు, దేవతలు కిరీటాలు పక్కన పెట్టి మా ముందు వరస కట్టేవారు. యముడి వేషంలో ఉన్నాయన "అమ్మా, కాస్త కారప్పొడి" అని బతిమాలడం నేను విన్నాను.

ఆ ఏడు ఆ స్టూడియోలో 'కత్తుల కోలాటం' అనే చిత్రం తీశారు. దానికి మూలం సముద్రాలకు అవతల ఎవరో ఎప్పుడో రాసిన లావుపాటి నవల. అందులో కత్తివీరులు, పందేలు, గుర్రాల పరుగులు, రాణిగారి రహస్యం. మనవాళ్లు ఆ వీరుల చేత తలపాగాలు కట్టించి, పది పాటలు పెట్టి, ఏడవాల్సిన చోటల్లా నవ్వించారు. చివరి యుద్ధాన్నయితే పాటగానే తీశారు. కథానాయకుడూ, శత్రువు కొలువులోని బొద్దు సేనాపతీ కోలాటం ఆడుతున్నట్టు, పాటకు తగ్గట్టు కత్తులు తాటిస్తారు. వరసకు ఎనిమిది దెబ్బలు. ఆ సేనాపతి వేషం వేసింది పేరున్న హాస్యనటుడు.

అంతా బాగానే ఉంది గాని, కత్తులు కర్రవి. వెండిరంగు పూసిన టేకు కర్రలు. తెర మీద తళతళలాడేవి, చప్పుడు మాత్రం పిట్టగోడ మీద చెప్పులు దులిపినట్టుండేది.

ఒక మధ్యాహ్నం శబ్దం చూసే పాండురంగంగారు మా కొట్టుకొచ్చి తల పట్టుకుని కూర్చున్నారు.

"ఇంకో దోశ వెయ్యమంటారా బాబాయ్?" అంది మాణిక్యం.

"నా మొహానికి రెండో దోశ కూడానా తల్లీ! సాయంత్రానికి కత్తుల చప్పుడు కుదరకపోతే పాట ఎత్తేస్తామన్నారు. నిజం కత్తులు కొట్టించాను. ఒకటి మోగిందంటే నాలుగు మాటలు మింగేస్తోంది. ఇత్తడి చెంబులు కొట్టించాను. యుద్ధంలా లేదు, పెళ్లివారి సామాను మెట్ల మీంచి దొర్లినట్టుంది."

మాణిక్యం నవ్వుతూ అట్టు తిరగేసి, అలవాటుగా నన్ను పెనం అంచుకు తాటించింది. ఖణ్! ఆయన చేతిలో కాఫీ గ్లాసు అలాగే ఆగిపోయింది.

"మళ్లీ కొట్టు."

కొట్టింది.

"నువ్వు లేమ్మా. పొయ్యి ఆర్పు. ఆ పెనం కూడా తీసుకురా!"

పెనాన్ని బూడిదతో తోమి, జిడ్డంతా పోగొట్టి, ఇద్దరు మనుషులు రికార్డింగు గదిలోకి మోసుకొచ్చారు. ఎదురుగా తెర మీద పాట ఆడుతోంది. మాణిక్యం పమిట బిగించి, నన్ను పట్టుకుని నిలబడింది. ఆ పట్టు నాకు ఇప్పటికీ గుర్తుంది. బొటనవేలు చుట్ట మీద, మణికట్టు వదులుగా. మొదటి వరస, రెండో వరస, మూడో వరస. కత్తి కత్తికి తగిలిన ప్రతిచోటా నేను మోగాను. మాటకు అడ్డం రాలేదు, తాళం తప్పలేదు.

ఆఖరి వరసలో ఒక తప్పుంది. అది మాది కాదు. చిత్రీకరణ రోజున ఎనిమిదో దెబ్బకు కథానాయకుడు ముందే వంగాడు. సేనాపతి కత్తి దేనికీ తగలకుండా గాలిని కోసింది. ఆ హాస్యనటుడు బిత్తరపోయి తన కత్తి వంక చూసుకున్నాడు. ఆ ముక్క కత్తిరించి పారేద్దామని డైరెక్టరుగారు అప్పటికే నిర్ణయించారు. ఆ సంగతి మాణిక్యానికి ఎవరూ చెప్పలేదు. ఏడు అయ్యాక ఎనిమిది రావాలి. ఆమె కొట్టింది.

ఖాళీ గాలిలో కత్తి ఖణేలుమంది. తెర మీద సేనాపతి ఉలిక్కిపడి, ఇది ఎలా మోగిందా అన్నట్టు కత్తి వంక చూశాడు.

డైరెక్టరుగారు లేచి, "అమ్మాయ్, అది తగల్లేదు కదా!" అన్నారు.

"తాళంలో తగిలిందండీ" అంది మాణిక్యం.

ముందు పాండురంగంగారు నవ్వారు. తర్వాత గదంతా నవ్వింది. ఆ ముక్క అలాగే ఉంచేశారు. చిత్రం ఆడిన మూడు వారాలూ జనం అక్కడే ఎక్కువ నవ్వారని విన్నాను. కథానాయకుడు ఒక పత్రికతో తాను అసలు ఉక్కు కత్తితోనే పోరాడానని చెప్పి, మోచేతి మీద మచ్చ కూడా చూపించాడట. పోనీలెండి, మచ్చ నిజమే అయి ఉంటుంది. పేర్లు వేసిన చోట మాణిక్యం పేరు లేదు. ఆమె పట్టించుకోలేదు. నేను పట్టించుకున్నాను.

మరుసటి ఏడు ఆమెకు పెళ్లయింది. పెళ్లికొడుకు గోవర్ధనం, బాపట్లలో లెక్కల మాస్టారు. నన్నూ పెనాన్నీ ఆమె పుట్టింటి సామానుతోపాటు తెచ్చుకుంది. గోవర్ధనంగారు నెమ్మదస్తుడు. గొంతు పెంచేవారు కాదు, అబద్ధం ఆడేవారు కాదు. చూడనిది చూశానని చచ్చినా అనేవారు కాదు. తర్వాత ఆయన గెజిటెడ్ హెడ్మాస్టరయ్యారు. సర్టిఫికెట్ల నకళ్ల మీద ఆకుపచ్చ ఇంకుతో సంతకం పెట్టించుకోవడానికి ఊళ్లోవాళ్లంతా ఇంటికొచ్చేవారు. ఎంత తెలిసినవాళ్లయినా ఆయన అడిగేది ఒకటే. "అసలు ఏదీ?" అసలు కాగితం కళ్లారా చూసి, నకలుతో అక్షరం అక్షరం సరిచూసుకుంటేగాని కలం మూత తీసేవారు కాదు.

మాణిక్యం తన కత్తి కథ ఆయనకు పెళ్లయిన మొదటి వారంలోనే చెప్పింది. ఆయన శ్రద్ధగా విన్నారు. ఎక్కడా ఆ చిత్రం ఆడడం లేదు. ఒకసారి గుంటూరు వెళ్లి ఆ పాట గ్రామఫోను రికార్డు కొని తెచ్చారు. పక్కింట్లో పెట్టించి చివరిదాకా విన్నారు. అందులో పాట ఉంది, కత్తులు లేవు. కత్తుల చప్పుడు కలిపింది తర్వాత, చిత్రంలో మాత్రమే.

"ఇందులో లేదే" అన్నారాయన మెల్లగా.

ఇరుగుపొరుగు వాళ్లు ఆటపట్టించేవారు. "ఏం మాస్టారూ, మీ ఆవిడ కత్తియుద్ధాలు చేసిందట గదా! జాగ్రత్తగా ఉంటున్నారా?"

"అలా అంటుంది" అనేవారాయన.

ఆ మాట విన్నప్పుడల్లా నా మీద ఆమె వేళ్లు కాస్త బిగిసేవి. ఆయనకు తెలియదు. నాకు తెలుసు.

రోజూ ఆఖరి అట్టు తీసి, పొయ్యి ఆర్పేశాక, ఆమె ఖాళీ పెనం మీద నన్ను ఒక్కసారి కొట్టేది. పెనం మీద ఏమీ ఉండదు. ఊరికే. ఖణ్.

"ఆ చివరిది ఎందుకు మాణిక్యం?"

"గాలిలో కత్తండీ. అది లేకపోతే వరస పూర్తి కాదు."

ఒక్కసారి మాత్రం అడిగింది. "ఒక్కసారి 'అవును' అనకూడదా? మీ సొమ్మేం పోతుంది?"

"చూడంది ఎలా అనను?" అన్నారాయన. ఆ గొంతులో వెటకారం లేదు. బాధే ఉంది. ఆమె నవ్వేసి, "సరే, అట్టు చల్లారిపోతోంది, తినండి" అంది.

పోయిన ఏడు వినాయక చవితి వెళ్లిన వారానికి మాణిక్యం పోయింది. దాన్ని గురించి ఎక్కువ చెప్పను. ఆ వంటింట్లో పెనం మళ్లీ పొయ్యెక్కలేదు. ప్రతి ఆదివారం మాస్టారు నన్ను మేకు మీంచి తీసి, పొడిగుడ్డతో తుడిచి, తుప్పు పట్టకుండా ఒక నూనెచుక్క రాసి, మళ్లీ తగిలించేవారు. ఒకసారి ఖాళీ పెనం దాకా తీసుకెళ్లారు. కొట్టలేదు.

మొన్న శ్రావణంలో ఊరి గ్రంథాలయం నుంచి కబురొచ్చింది. రేపల్లె దగ్గర ఒక టూరింగు టాకీసు పాకలో 'కత్తుల కోలాటం' రీళ్లు దొరికాయట, బాగుచేశారట. ఆదివారం ఉదయం గ్రంథాలయం హాల్లో ఆట. పాత చిత్రాలకు సంబంధించిన వస్తువులేమైనా ఉంటే తెమ్మన్నారు, అద్దాల బీరువాలో పెడతారట. మాస్టారు నన్ను గుడ్డసంచిలో పెట్టుకుని బయలుదేరారు.

గ్రంథాలయం చూసుకునే వసుంధర నన్ను చూసి నవ్వాపుకుంది. పాటల పుస్తకాలు, పాత టిక్కెట్లు వచ్చిన బల్ల మీదికి అట్లకాడ వస్తే మరెవరైనా నవ్వుతారు.

"ఏం మాస్టారూ, టిఫిన్లు కూడా పెడతామనుకున్నారా?" అని, ఆయన మొహం చూసి, "సినిమాకీ దీనికీ ఏంటండీ సంబంధం? చీటీ మీద ఏం రాయమంటారు?" అంది.

మాస్టారు చీటీ తీసుకుని తానే రాశారు. 'అట్లకాడ. ఇనుము. మాణిక్యం వాడినది.' అక్కడ ఆగిపోయారు. కలం కాసేపు కాగితం మీదే ఉంది.

"మిగతాది ఆట అయ్యాక రాస్తానమ్మా" అని నన్ను తీసుకుని లోపలికి వెళ్లారు.

నేను ఆయన ఒళ్లో ఉన్నాను. బొమ్మ మసకగా ఉందని ఎవరో గొణిగారు. గుర్రాలు పరుగెత్తాయి, రాణిగారి రహస్యం బయటపడింది, ఆయన ఒక్కసారి కూడా నవ్వలేదు. పాట మొదలైంది. మొదటి దెబ్బకే నా గొంతు నాకు వినబడింది. యాభై ఏళ్ల తర్వాత! గర్వంగా ఉందని చెప్పుకోవడానికి నాకేం సిగ్గు లేదు.

మాస్టారి చెయ్యి సంచిలోకి వచ్చి నన్ను వెతుక్కుంది. ఆయన పెదవుల మీద లెక్క మొదలైంది. ఒక వరస, రెండు, మూడు. ఆఖరి వరస. అయిదు, ఆరు, ఏడు. కథానాయకుడు వంగాడు. కత్తి గాలిని కోసింది.

ఖణ్!

హాలంతా ఘొల్లుమంది. మాస్టారు నవ్వలేదు. ప్రతి పొద్దునా పొయ్యి ఆరిపోయాక తాను విన్న దెబ్బ అది. ఆ చెయ్యి ఎవరిదో ఆయనకు ఒకరు చెప్పక్కర్లేదు. నా పిడిని పట్టుకున్న ఆయన వేళ్లు, ఒకప్పుడు ఆమెవి బిగిసినట్టే, బిగిశాయి. దీపాలు వెలిగి అందరూ లేచినా ఆయన చాలాసేపు లేవలేదు.

తర్వాత బల్ల దగ్గరికొచ్చి చీటీ ముందుకు లాక్కున్నారు. "అమ్మా, ఆకుపచ్చ ఇంకు ఉంటుందా?"

వసుంధర వెతికి, పిల్లల బొమ్మల పెట్టెలోంచి ఒక ఆకుపచ్చ స్కెచ్ పెన్ను తెచ్చింది. "ఇదొక్కటే ఉంది మాస్టారూ. పర్లేదా?"

ఆయన ఒక క్షణం ఆగారు. రిటైరయ్యాక పద్దెనిమిదేళ్లలో ఆయన ఆకుపచ్చ ఇంకు ముట్టుకోలేదు. ఆ హక్కు తనకిక లేదని ఎంతమందినో వెనక్కి పంపేశారు. పెన్ను మూత తీశారు. 'వాడినది' దగ్గర నుంచి సాగించి, గుండ్రటి అక్షరాలతో రాశారు. 'ఈ చిత్రంలో వినిపించే కత్తి ఇదే. మోగించినది నా భార్య మాణిక్యం. అసలుతో సరిచూశాను.' కింద సంతకం పెట్టి, తేదీ వేశారు.

ఇంకు ఆరాక నన్ను బల్ల అంచు మీద ఒక్కసారి, మెల్లగా కొట్టి, వసుంధర చేతికిచ్చారు.

ఇప్పుడు నేను అద్దాల బీరువాలో ఉన్నాను. నా కుడిపక్కన పాటల పుస్తకం, ఎడమపక్కన చిరిగిన టిక్కెట్టు. వచ్చినవాళ్లు నన్ను చూసి, "ఇదేంటి, అట్లకాడా!" అని నవ్వుతారు. నాకు కోపం రాదు. దగ్గరికొచ్చి కింద చీటీ చదివేదాకా ఓపిక పడతాను.