ముక్కూమొహం తెలియనివాడి తాళం

వీధి చివర ఉండే కోడలికి రెండో తాళంచెవి ఇవ్వడం ఇష్టంలేక, రిటైరైన హెడ్‌మిస్ట్రెస్ నెట్ ఉంటేనే తెరుచుకునే తాళం పెట్టించుకున్నారు. "ఇంటర్నెట్ పగ్గాలు ఎవరి చేతిలో?" అని ఉపన్యాసం ఇవ్వాల్సిన సాయంత్రమే కంపెనీవాళ్లు చెప్పాపెట్టకుండా నెట్ ఆపేశారు. రాసుకున్న కాగితాలు లోపల, ఆవిడ గుమ్మం బయట.

సభకు తీసుకెళ్లడానికి వచ్చిన కోడలు మెట్టుమీద పక్కనే చతికిలబడింది. "నన్ను నమ్మకపోతే నమ్మకపోయారు అత్తయ్యా, ముక్కూమొహం తెలియనివాడికి ఇల్లు అప్పగించారేంటి?"

ఎన్నో ఏళ్లు పిల్లల్ని తరగతి బయట నిలబెట్టిన ఆవిడకు ఈ శిక్ష న్యాయంగానే తోచింది.

"పద, ఆలస్యమవుతోంది," అని లేచారు.

సభలో కాగితం లేకుండానే మాట్లాడారు. బుద్ధితక్కువ మనిషికి ఉదాహరణ ఎక్కడా వెతుక్కోనక్కర్లేకపోయింది. ముందు వరుసలో కోడలు నోటికి చెయ్యి అడ్డుపెట్టుకుని నవ్వుతూనే ఉంది.