తేనెపెట్టెల జీపు

ఆ ఉదయం ఆకాశం ఏదీ తేల్చుకోలేని మనిషిలా ఉంది. తూర్పున కాస్త తెలుపు పొడిచింది, వెంటనే మబ్బు వచ్చి దాని మీద దుప్పటి లాగింది. చినుకు లేదు, గాలి లేదు. షెడ్డు ముందు నిలబడి పానా మెడ నొప్పి పుట్టేదాకా పైకి చూశాడు. ఎండ ఎక్కితే మూసిన పెట్టెల్లో తేనెటీగలు ఉడికిపోతాయి. వాన పడితే కొండదారి సబ్బుబిళ్ల అవుతుంది. ఈ రెండూ కాకుండా మధ్యాహ్నం దాకా ఇలాగే గడిపేయమని మబ్బుని మనసులోనే బతిమాలుకున్నాడు.

పానా అన్నది వీధి పెట్టిన పేరు. పానా లేకుండా అతని చేతిని ఎవరూ చూడలేదు. జీపుల పనిలో ఆ చుట్టుపక్కల అతన్ని కాదని ఇంకొకరి దగ్గరికి వెళ్లేవాళ్లు తక్కువ. ఆ సంగతి అందరికంటే ఎక్కువగా తెలిసినవాడు పానాయే.

"పైకి చూసింది చాలు, ఎక్కండి. వదిన ఎదురుచూస్తుంటుంది," అంది భార్య, క్యారేజీ పట్టుకుని వస్తూ. ఆమె బట్టలు కుడుతుంది. కుట్టుమిషను షెడ్డు పక్క గదిలోనే. ఆ గోడకి ఇవతల సుత్తి, అవతల సూది.

జీపు పానాది. ఏటా ఒకసారి అది అక్క పని చేస్తుంది. కొండ మీద పూత విచ్చే రోజుల్లో అక్క తేనెపెట్టెల్ని పైకి చేర్చాలి. లారీ అక్కడికి ఎక్కదు. దారిలో రాళ్లు, వాగు, చివర్లో మోకాలెత్తు మెట్టురాయి. పైన డీజిలు బంకు కాదు గదా, టీకొట్టు కూడా లేదు.

నిరుడు పానా ఆ జీపుని ఎత్తు చేశాడు. చక్రాల మీద కుదుపు మోసే కమాను కట్టల్లో ఇనప పట్టీలు పెంచి, ట్రాక్టరుకి తమ్ముడిలాంటి టైర్లు తొడిగి, ముందు ఇనప బంపరు, పైన ఇనప చట్రం బిగించి, వీధి చివరిదాకా నడిపి చూపించాడు. జనం ఫోన్లు తీసి ఫొటోలు పట్టారు. బావ మాత్రం చుట్టూ తిరిగి చూసి, "ఒంటెని తయారుచేశావేంట్రా బామ్మర్దీ?" అన్నాడు. ఆ ఒంటె వాగు దాటింది, మెట్టురాయి దాటింది, ఎక్కడా ఆగలేదు. పైకి చేరాక వెనక తలుపు తీస్తే లోపల్నుంచి తేనె కారింది. ఆ కుదుపులకి పెట్టెల్లో తేనెపట్టులు విరిగిపోయాయి. ఈగలు తమ తేనెలో తామే మునిగి చచ్చాయి. దిగేటప్పుడు సగం దారిలో డీజిలు అయిపోయింది. బావ డబ్బా పట్టుకుని కిందిదాకా నడిచి వెళ్లాడు. ఆ నడక గురించి ఇప్పటికీ పెళ్లిళ్లలో చెబుతాడు.

అక్క ఒక్క మాట అనలేదు. తడిగుడ్డతో పెట్టెలు తుడిచింది. అంతే. అదే పానాకి ఇప్పటికీ గుచ్చుకునేది. అప్పటిదాకా ప్రతి ఏడూ తేనె పిండగానే మొదటి సీసా తమ్ముడింటికి వచ్చేది. నిరుడు రాలేదు. పానా అడగలేదు. ఈ మధ్య కబురు మాత్రం వచ్చింది: మిగిలిన పెట్టెలు ఈసారి కూడా పాడైతే, ఉన్నవి ఎవరికైనా ఇచ్చేసి ఈ పని మానేస్తానని.

ఈసారి పానా బిగించిన దానికంటే విప్పిందే ఎక్కువ. ఇనప బంపరు తీసేశాడు. పైచట్రం తీసేశాడు. లావు టైర్లు తీసి, కంపెనీ టైరు కంటే కాస్త మాత్రమే ఎత్తున్నవి, సన్నవి, పట్టు ఉన్నవి వేశాడు. నిరుడు పెంచిన పట్టీలన్నీ ఊడదీశాడు. బండి ఎత్తు తగ్గితే కడుపు రాళ్లకి తగులుతుంది గదా, అందుకని ఇంజను కింద మందపాటి రేకు తొడిగాడు. తగిలితే తగలనీ, జారిపోతుంది. షాక్ అబ్జార్బర్లు మెత్తనివి పెట్టాడు. ఇన్ని చేసినా కమాను కట్ట మాత్రం మొండికేసింది. పట్టీకి పట్టీ రాసుకుని బిగుసుకుపోయి, చిన్న రాయి తగిలినా దెబ్బని తిన్నగా సీటు దాకా మోసుకొచ్చేది.

అప్పుడే భార్య గోడ అవతల్నుంచి వచ్చి చూసింది. "కోటుకి లైనింగ్ ఎందుకేస్తామో తెలుసా? లోపల చెయ్యి జారాలని. లైనింగ్ లేని కోటులో చెయ్యి పెట్టి చూడండి, ఇలాగే పట్టేస్తుంది."

పానా వంగి పట్టీల మధ్య గోరు దూర్చి చూశాడు. మర్నాడు పట్టీలన్నీ విడదీసి, అంచులు నున్నగా అరగదీసి, రెంటి మధ్యా పలచటి నైలాను పొర పెట్టి మళ్లీ కట్ట కట్టాడు.

పరీక్ష కూడా ఆమే పెట్టింది. పాత క్వారీ దారిలో వెనక సీటులో కూర్చుని సూదిలో దారం ఎక్కించాలి. మొదటి రోజు సూది వేలిలో దిగింది. తిట్టింది. షాకులు మార్చాడు. ఇంకో రోజు దారం సూది చుట్టూ తిరిగిందే గానీ ఎక్కలేదు. టైర్లలో గాలి తగ్గించాడు. ఆ తర్వాత ఒక సాయంత్రం వెనక నుంచి ఏ చప్పుడూ లేదు. బండి ఆపి తిరిగి చూస్తే, ఆమె అతని చొక్కాకి ఊడిన గుండీ కుడుతోంది. ఆ చొక్కా అతను ఉతక్కుండా దాచుకున్నాడు.

ఆ చొక్కాయే ఇప్పుడు ఒంటి మీద ఉంది.

అక్క ఇంటి ముందు పెట్టెలు వరసగా సిద్ధంగా ఉన్నాయి. ముందు రోజు చీకటి పడి ఈగలన్నీ లోపలికి చేరాక, అక్క పెట్టెల వాకిళ్లకి జాలీలు బిగించింది. బావ చేతిలో డీజిలు డబ్బా ఉంది, నిండుగా. దాన్ని పానాకి కనపడేలా ఎత్తి వెనక సీటు కింద పెట్టాడు.

"అదెందుకు బావా?" అన్నాడు పానా.

"ఊరికే. దానికీ కొండ చూపిద్దామని."

"ఈసారి దాని మూత తీసే పని ఉండదు."

"నిరుడు నా కాళ్లకి కూడా పని ఉండదనే అన్నావురా," అని బావ నవ్వి, పానా భార్యతో, "చెల్లెమ్మా, ఒంటె చిక్కిపోయిందేంటి? మీ ఆయన దానికి తిండి పెట్టడం లేదా?" అన్నాడు.

"తిండి తగ్గించడానికే చిక్కించారన్నయ్యా," అందామె.

బావ జేబులోంచి ఒక పుల్ల తీశాడు. డీజిలు ట్యాంకులో ముంచి చూసే పుల్ల. దాని మీద కత్తితో ఒక గాటు పెట్టి ఉంది. నిరుడు కొండ మీదికి చేరేసరికి డీజిలు ఎక్కడిదాకా దిగిపోయిందో ఆ గాటు. ట్యాంకు నిండా ఉందో లేదో చూసి, పుల్ల తుడిచి, జేబులో పెట్టుకున్నాడు.

పెట్టెలు ఎక్కించడం అయ్యాక పానా స్టీరింగు వైపు నడిచాడు. అక్క చెయ్యి అడ్డం పెట్టింది.

"నువ్వు వెనక కూర్చో. బావ నడుపుతాడు."

"బావా? అక్కా, బావ బండి నడిపితే దున్నపోతుని తోలినట్టు..."

"అందుకే. నీ చేతిలో అయితే నువ్వు బుజ్జగించి నడుపుతావు. బండి గొప్పో, నీ చెయ్యి గొప్పో నాకెలా తెలుస్తుంది? ఎవడు బిగించాడో వాడే పెట్టెల పక్కన కూర్చోవాలి."

పానా తాళం బావ చేతిలో పెట్టాడు. భార్యతో కలిసి వెనక పెట్టెల మధ్య ఇరుక్కుని కూర్చున్నాడు. అక్క ముందు సీటులోంచి ఒక గుడ్డసంచి వెనక్కి అందించి, "జాగ్రత్త," అంది.

తారురోడ్డు మీద ఏ ఇబ్బందీ లేదు. పానా పక్కపెట్టెకి చెవి ఆనించాడు. లోపల ఈగల రొద ఒకే తీరుగా, దూరాన ఎక్కడో పిండిమర తిరుగుతున్నట్టు వినిపించింది. చెవి తియ్యలేదు.

కొండ మొదట్లో బండి ఆపించి దిగి, టైర్లలో గాలి కొంచెం కొంచెంగా వదిలాడు.

"ఇదేంట్రా, మంచి టైర్ల ప్రాణం తీస్తున్నావు?" అన్నాడు బావ.

"భోజనానికి కూర్చున్నప్పుడు నువ్వు బెల్టు వదులు చేసుకోవా బావా?"

అక్క మొహం పక్కకి తిప్పుకుంది. నవ్విందో లేదో వెనక నుంచి కనపడలేదు.

రాళ్లదారి మొదలయ్యింది. బావ నిజంగానే దున్నపోతుని తోలినట్టే తోలాడు. గుంట కనపడితే పక్కకి తప్పించేవాడు కాదు. దాని సంగతేదో తేల్చుకోవాలన్నట్టు తిన్నగా దింపేవాడు. ప్రతి గుంటకీ పానా అరికాళ్లు బిగిశాయి. కానీ జీపు ఒళ్లు దగ్గర పెట్టుకుని నడిచింది. చక్రాలు ఎగిరాయి, పడ్డాయి. ఆ ఎగురుడంతా కిందే ఉండిపోయింది. వాగులో నీళ్లు రేకుని చరిచాయి. ఈగల రొద మారలేదు. పానా ఛాతీ చొక్కాలో పట్టనంతగా పొంగింది. ఇది నేను చేసిన బండి, అనుకున్నాడు. నేనూ, ఇదిగో, పక్కన కూర్చున్న ఈమే చేసిన బండి.

మెట్టురాయి ముందు బావ బ్రేకు వేశాడు. నిరుడు ఒంటె దీన్ని ఒక్క అంగలో ఎక్కి, దభేలున అవతల పడింది. పట్టులు విరిగింది ఇక్కడే అని అందరికీ తెలుసు. 

"నెమ్మదిగా ఎక్కించు బావా," అన్నాడు పానా. "పక్కన వాలుగా ఉంది చూడు, అక్కణ్నుంచి. కడుపు రాసుకుంటుంది. రాసుకోనీ. ఆగకు."

ముందు చక్రాలు ఎక్కాయి. రేకు రాయి మీద గీసుకున్న చప్పుడుకి పళ్లు జివ్వుమన్నాయి. బావ బెదిరి కాలు గట్టిగా నొక్కాడు. జీపు ముందుకి దూకింది. పానా పెట్టెని రెండు చేతులా వాటేసుకున్నాడు. లోపల రొద ఒక్కసారి భగ్గుమంది. వెనక చక్రాలు రాయి అంచుకి వచ్చాయి, దిగాయి. దభేలుమనలేదు. పెద్దమనిషి అరుగు దిగినట్టు, ఒక కాలు తర్వాత ఒక కాలుగా దిగాయి. కాసేపటికి రొద కూడా సద్దుమణిగింది.

"హమ్మయ్య," అంది భార్య.

పానా ఊపిరి పీల్చాడు. పీల్చినవాడు అలాగే ఆగిపోయాడు.

తేనె వాసన.

సన్నగా వస్తోంది. డీజిలు వాసన, తడిమట్టి వాసన దాటుకుని వస్తోంది. నిరుడు కూడా ముందు వాసనే వచ్చింది. తడి తర్వాత కనపడింది. అతను వంగి పెట్టెల అడుగున చెయ్యి పెట్టి తడిమాడు. అందినంత మేర పొడిగానే ఉంది. అవతలి వరసకి చెయ్యి అందలేదు. భార్య ఏమిటన్నట్టు చూసింది. ఏమీ లేదన్నట్టు తల ఊపాడు. కాసేపటి క్రితం పొంగిన ఛాతీ ఎక్కడికి పోయిందో తెలియలేదు. మిగిలిన దారంతా బండి ఎంత మెత్తగా నడిచిందో బావ చెబుతూనే ఉన్నాడు, జీవితంలో మొదటిసారి మెచ్చుకుంటూ. ఆ మెప్పు పానా చెవిలోకి పోలేదు.

కొండ మీద మబ్బు ఇంకా విచ్చలేదు. పూత కళ్లముందు తెల్లగా పరుచుకుని ఉంది. పెట్టెలు ఒక్కొక్కటిగా దింపి, నీడన, ఎత్తురాళ్ల మీద నిలిపారు. ఇక ఇక్కడి నుంచి అక్క మాటే చట్టం. ఈగలు కొత్తచోటు గుర్తుపట్టేదాకా అక్కడ ఎవరూ నోరు విప్పకూడదు. గొంతులు వింటే అవి బెదురుతాయని ఆమె నమ్మకం. నిజమో కాదో ఎవరూ అడగరు.

అక్క మొదటి పెట్టె దగ్గర మోకాళ్ల మీద కూర్చుని చెవి ఆనించింది. కళ్లు మూసుకుంది. తర్వాత పెట్టె అడుగు అంచు వెంట వేలితో రాసి చూసుకుంది. రెండోదానికి జరిగింది. పానా ఆమె వేలినే చూస్తూ నిలబడ్డాడు. ప్రతి పెట్టె దగ్గరా ఆ వేలు తడిగా వస్తుందనే అనుకున్నాడు. ఒక్కో పెట్టె దాటుతుంటే ఆ వేలు పొడిగానే వస్తోంది. ఆఖరి పెట్టె దగ్గర ఆమె చాలాసేపు ఉంది. లేచి, చీర కుచ్చిళ్లకి అంటిన మట్టి దులుపుకుంది. ఆ తర్వాత తిరిగి వస్తూ ఒక్కో వాకిలికీ జాలీ తీసింది.

ఈగలు ఒకటొకటే బయటికి వచ్చాయి. పెట్టెల వైపు మొహం పెట్టి గాలిలో ఊగుతూ, తమ ఇల్లు ఎక్కడుందో చూసుకున్నాయి. అక్క జీపు దగ్గరికి నడిచి, ముందు చక్రం పైన రేకు మీద అరచెయ్యి ఆనించి, కాసేపు అలాగే ఉంచింది. ఎండలో నడిచొచ్చిన పిల్లాడి నుదురు చూసినట్టు చూసింది.

బావ ట్యాంకులో పుల్ల ముంచాడు. తీసి చూశాడు. మళ్లీ ముంచి చూశాడు. తడి నిరుటి గాటుకి బాగా పైనే ఉంది. నోరు తెరిచాడు. అక్క పెదాల మీద వేలు పెట్టి చూపించింది. నోరు మూసుకుని, ఆ పుల్లని పానా ముందుకి తెచ్చి, తడిచోట గోటితో చూపించి, కళ్లు పెద్దవి చేశాడు. మాట్లాడకుండా ఉండటం అతనికి ఎంత కష్టంగా ఉందో మెడ నరాలు చెప్పాయి. పానా పుల్ల వైపు చూశాడు. సంతోషించాలని తెలుసు. ఇంకా ఆ వాసన ఎక్కణ్నుంచి వచ్చిందో తెలియలేదు.

నలుగురూ చెట్టునీడన కూర్చున్నారు. బావ మూత తియ్యని డీజిలు డబ్బాని బోర్లా వెయ్యకుండా, జాగ్రత్తగా నిలబెట్టి దాని మీదే కూర్చున్నాడు. భార్య క్యారేజీ విప్పి పళ్లాలు పేర్చింది. అక్క తన గుడ్డసంచి దగ్గరికి లాక్కుని, లోపల్నుంచి నిరుటి తేనె సీసా తీసింది. దాని మూత పక్కన ఒక చుక్క కారి, సంచికి అంటుకుని మెరుస్తోంది. వాసన గుప్పున వచ్చింది.

పానా తల వంచుకున్నాడు.

అక్క వేలితో ఆ చుక్కని తుడిచి నాకేసి, మూత తిప్పింది. అందరికంటే ముందు తమ్ముడి పళ్లెంలో అన్నం పక్కన తేనె పోసింది. చాలన్నట్టు అతను చెయ్యి అడ్డం పెట్టినా ఆగలేదు. భార్య అతని చొక్కా గుండీ వైపు ఒకసారి చూసి, తన పళ్లెం ముందుకి జరుపుకుంది.

పెట్టెల దగ్గర రొద పూల మీదికి పాకింది. నలుగురూ తిన్నారు. ఎవరూ మాట్లాడలేదు.